ముక్కుతో వేసే మార్కులు: కాలిఫోర్నియా గంజాయి రైతుల పోటీల వెనక కథ

పొగాకు పండే ఊళ్లో పెరిగినవాళ్లకు ఈ దృశ్యం కొత్త కాదు. వేలం కేంద్రంలో బేళ్లు వరసగా పేర్చి ఉంటాయి. కొనేవాడు నడుచుకుంటూ వచ్చి ఓ బేలు పక్క నుంచి నాలుగాకులు లాగి, వేళ్ల మధ్య నలిపి, ముక్కు దగ్గర పెట్టుకుని, ఏమీ మాట్లాడకుండా ముందుకు పోతాడు. మా పెదనాన్న పక్కన నిలబడి ఆ ముక్కు వంకే చూసేవాడు. నారు పోసిన దగ్గర నుంచి, ఆకు ఆరబెట్టే బ్యారన్‌లో నిద్ర కాచిన రాత్రుల దాకా పడిన కష్టానికి అక్కడ రెండు క్షణాల్లో వెల కట్టేసేవారు.

కాలిఫోర్నియా రాష్ట్రం ఉత్తర కొసన, రెడ్‌వుడ్ చెట్ల కొండల్లో, ఇలాంటి ముక్కుల మీదే నడిచే పోటీ ఒకటుంది. పేరు ఎమరాల్డ్ కప్. పోటీకి వచ్చే సరుకు గంజాయి. గాజు సీసాలు, వాటి మీద రైతు పేరు లేకుండా అంకెలు మాత్రమే, పక్కన భూతద్దం, చిన్న కత్తెర. న్యాయనిర్ణేత మూత తీసి ముందు వాసన చూస్తాడు. ఆ సీసా భవిష్యత్తు సగం అక్కడే తేలిపోతుంది.

ముందే ఒక మాట. ఇది అమెరికాలో ఒక రాష్ట్రం కథ. మన దగ్గర 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం కింద గంజాయి పండిస్తే పదేళ్ల దాకా కఠిన జైలు శిక్ష, 20 కిలోలు మించి దొరికితే కనీసం పదేళ్లు. ఆరోగ్యం మీద దాని ప్రభావం వేరే వ్యాసానికి సరిపడా సంగతి. ఇక్కడ నేను విప్పి చూపాలనుకున్న చిక్కుముడి వేరు: ఒక పంటను దొంగచాటుగా పండించిన రోజుల్లో పుట్టిన పోటీ, ఆ పంట చట్టబద్ధమయ్యాక కూడా ఎందుకు అవసరమైంది? గెలిచిన రైతుల్లో చాలామంది పొలాలు ఎందుకు నిలబడలేకపోతున్నాయి?

హెలికాప్టర్ల కింద పెరిగిన పంట

హంబోల్ట్, మెండొసీనో, ట్రినిటీ అనే మూడు జిల్లాలను కలిపి అక్కడివాళ్లు ఎమరాల్డ్ ట్రయాంగిల్ అంటారు, అంటే పచ్చల త్రికోణం. 1960ల చివర, 70ల మొదట్లో నగరాలు వదిలేసిన హిప్పీలు ఈ కొండల్లో చౌకగా భూమి కొనుక్కుని స్థిరపడ్డారు. కలప మిల్లులు మూతపడుతున్న ప్రాంతం అది. పెరట్లో సొంతానికి వేసుకున్న నాలుగు మొక్కలు మెల్లగా బతుకుతెరువైపోయాయి. దానికి ఒక బయటి కారణం కూడా తోడైంది. 1970ల చివర్లో మెక్సికో ప్రభుత్వం అమెరికా సాయంతో గంజాయి తోటల మీద పారాక్వాట్ అనే కలుపుమందు చల్లించింది. ఆ మందు పడిన సరుకంటే జనం జడుసుకున్నారు. దేశంలో పండిన దానికి గిరాకీ పెరిగింది.

ఆ కొండ రైతులు మెరుగుపెట్టిన పద్ధతి పేరు సిన్‌సెమియా. స్పానిష్‌లో ‘విత్తనం లేనిది’ అని అర్థం. గంజాయిలో ఆడ మొక్క వేరు, మగ మొక్క వేరు. మగవాటిని పుప్పొడి రాలకముందే పీకేస్తే ఆడ మొక్క గింజ కట్టదు. పుప్పొడి కోసం ఎదురుచూస్తూ పూత మీద పూత వేస్తూ, జిగురు ఊరుస్తూ పోతుంది. ఇదేదో కాలిఫోర్నియాలో కనిపెట్టిన విద్య అనుకుంటారు కానీ, బ్రిటిష్ ప్రభుత్వం 1893–94లో వేసిన ఇండియన్ హెంప్ డ్రగ్స్ కమిషన్ నివేదిక తిరగేస్తే అసలు సంగతి తెలుస్తుంది. బెంగాల్లోని నవ్‌గావ్ ప్రాంతంలో (ఇప్పుడది బంగ్లాదేశ్) లైసెన్సు సాగు ఉండేది. పొలం పొలం తిరిగి మగ మొక్కల్ని గుర్తుపట్టి పీకించడానికి ప్రత్యేకంగా మనుషులుండేవారు. వాళ్లను ‘గంజా డాక్టర్లు’ అనేవారు. కూలి తీసుకునే డాక్టర్లు!

1983లో కాలిఫోర్నియా ప్రభుత్వం క్యాంప్ అనే పేరుతో దాడులు మొదలుపెట్టింది. కోతల కాలం రాగానే కొండల మీద హెలికాప్టర్లు తిరిగేవి, తాళ్లకు వేలాడుతూ దిగిన పోలీసులు మొక్కల్ని నరికి మోపులు కట్టుకుపోయేవారు. రైతులు మొక్కల్ని చెట్ల నీడన అక్కడొకటి ఇక్కడొకటి దాచి పెంచారు. పక్కింటివాడు ఏ రకం వేశాడో అడగడం మర్యాద కాదు. మంచి రకం చేతికొచ్చినా చెప్పుకునే వీలు లేదు. పంట గురించి నోరు విప్పలేని రైతు ఎంత ఉక్కిరిబిక్కిరి అవుతాడో, రచ్చబండ దగ్గర కూర్చున్న ఏ రైతును చూసినా అర్థమవుతుంది.

1996లో ప్రొపొజిషన్ 215 అనే ప్రజాభిప్రాయ సేకరణతో వైద్యానికి గంజాయి వాడుకోవడం కాలిఫోర్నియాలో చట్టబద్ధమైంది. దాంతో కొంచెం ఊపిరాడింది. 2003 చలికాలంలో మెండొసీనో జిల్లా లేటన్‌విల్‌లోని ‘ఏరియా 101’ అనే స్థలంలో టిమ్ బ్లేక్ అనే ఆయన ఇరుగుపొరుగు రైతుల్ని పిలిచి తొలి ఎమరాల్డ్ కప్ పెట్టాడు. అప్పట్లో షరతులు రెండే. ఎండలో పెరిగి ఉండాలి. రసాయనాలు వాడకూడదు. డిసెంబరు ఎంచుకోవడంలో మతలబు ఏమీ లేదు. సెప్టెంబరు, అక్టోబరులో కోసిన పంట ఆరి, సీసాల్లో మాగి, బయటికి తీసేందుకు సరిగ్గా సిద్ధమయ్యేది అప్పుడే.

అంతకు ముందు పోటీలు లేవని కాదు. 1988లో హై టైమ్స్ పత్రిక సంపాదకుడు స్టీవెన్ హేగర్ ఆమ్‌స్టర్‌డామ్‌లో క్యానబిస్ కప్ మొదలుపెట్టాడు. మొదటి ఏడాది గెలిచింది స్కంక్ నంబర్ వన్ అనే రకం. అయితే అది ఎక్కువగా విత్తన కంపెనీల, అక్కడ గంజాయి అమ్మే కాఫీషాపుల పోటీగా సాగింది. 1995లో అక్కడ పేరు తెచ్చుకున్న వైట్ విడో రకంలో సగం రక్తం దక్షిణ భారతానిదేనని చెప్పుకుంటారు. ఆ గింజ కేరళ కొండల నుంచి ఆమ్‌స్టర్‌డామ్ దాకా ఎవరి జేబులో వెళ్లిందో గానీ, పండించినవాడి పేరు మాత్రం కప్పు మీద లేదు. ఎమరాల్డ్ కప్ తేడా ఇక్కడే ఉంది. బహుమతి పొలానికి ఇస్తారు. పేరు రైతుది వస్తుంది.

సీసా మూత తీశాక

మార్కులు వేసేది నాలుగు సంగతులకు: చూపు, వాసన, రుచి, ప్రభావం.

చూపు అంటే అందం ఒక్కటే కాదు. భూతద్దం కింద పెడితే మొగ్గ మీద ఉప్పు చల్లినట్టు కనిపించేవి జిగురు గ్రంథులు. ఒక్కోటి చిన్న కాడ మీద నిలబడిన గాజు బుడగలా ఉంటుంది. ఈ బుడగ స్వచ్ఛంగా, నీళ్లలా ఉంటే పంట ముందే కోసేశారని అర్థం. పాలలా తెల్లబడితే సరైన అదను. తేనె రంగు ఎక్కువైతే అదను దాటింది. బుడగల తలలు తెగిపోయి కాడలే మిగిలితే ఎవరో మెషీన్‌లో వేసి ఆకు కత్తిరించారన్నమాట. చేత్తో ఒక్కో మొగ్గ చుట్టూ కత్తెర తిప్పే పని గంటల తరబడి సాగుతుంది. న్యాయనిర్ణేత కన్ను ఆ కూలి ఖర్చును పసిగట్టేస్తుంది.

వాసన దగ్గర అసలు కథ మొదలవుతుంది. గంజాయి వాసనకు మూలం టెర్పీన్లనే నూనెలు. మనకు ఇవేమీ పరాయివి కావు. మామిడిలో ఉండే మిర్సీన్, ధనియాల్లో దండిగా ఉండే లినలూల్, మిరియాలు, లవంగాల్లోని కారియోఫిలీన్, నారింజ తొక్కలోని లిమొనీన్, ఇవన్నీ ఈ మొగ్గలోనూ వేరువేరు పాళ్లలో ఉంటాయి. పోటీ వర్గాల్లో ‘గ్యాస్’ అంటే మెచ్చుకోలు, పెట్రోలు బంకులో నిలబడ్డట్టు వాసన రావడం అన్నమాట. ముక్కులు బద్దలయ్యే ఆ ఘాటుకు టెర్పీన్లు కాదు, అతి కొద్ది పాళ్లలో ఉండే గంధక సమ్మేళనాలు కారణమని 2021లో రసాయన శాస్త్రవేత్తలు తేల్చారు.

ఈ నూనెలు గాలికి ఎగిరిపోయే రకం. అందుకే పంట పొలంలో ఎంత బాగా పండినా ఆరబెట్టేటప్పుడు చెడగొట్టుకోవచ్చు. చీకటి గదిలో, చల్లగా, మరీ పొడి కాకుండా, దాదాపు రెండు వారాలు కొమ్మల్ని తలకిందులుగా వేలాడదీస్తారు. తొందరపడి వేడి గాలి తోలితే పచ్చి గడ్డి వాసన మిగిలిపోతుంది. ఆలస్యం చేస్తే బూజు. ఆ తర్వాత సీసాల్లో పెట్టి రోజూ కాసేపు మూత తీసి గాలి తగలనివ్వాలి. మామిడికాయల్ని గడ్డిలో వేసి మాగబెట్టే ఇంటి పెద్దావిడ రోజూ చెయ్యి పెట్టి చూసినట్టే ఉంటుంది ఈ పని. బ్యారన్‌లో ఆకు రంగు తిరిగే దాకా మంట హెచ్చించి తగ్గించే పొగాకు రైతుకైతే అసలు చెప్పక్కర్లేదు.

నాలుగోది ప్రభావం. ఇక్కడ నాకు ఎప్పుడూ అనుమానమే. రోజుకు పది రకాలు పీల్చినవాడు పదకొండోదాని ప్రభావాన్ని ఏం తూకం వేస్తాడు? పోటీకి వందల సీసాలు వస్తాయి. చూపుతో, వాసనతో ముందే చాలావరకు వడకట్టి, మిగిలినవాటిని వారాల తరబడి నిదానంగా చూడక తప్పదు. ఏళ్ల తరబడి పూల విభాగంలో న్యాయనిర్ణేతగా ఉన్న ఒకాయన పేరు స్వామి చైతన్య. పేరు చూసి మనవాడనుకోవద్దు. మెండొసీనోలో నిక్కీ లస్ట్రెటోతో కలిసి సొంత పొలం నడిపిన అమెరికన్ ఆయన. ఇద్దరూ కలిసే తీర్పులు చెప్పేవారు.

ముక్కు కనిపెట్టలేనివి ల్యాబ్ కనిపెడుతుంది. పురుగుమందుల అవశేషాలు, బూజు ఉన్నాయేమో పరీక్ష చేస్తారు. దొరికితే సీసా బయటికి. మొగ్గల కంటే వాటి నుంచి తీసిన గట్టి సారం విషయంలో ఈ ప్రమాదం ఎక్కువ. సారం తీసినప్పుడు మత్తు పదార్థంతోపాటు పురుగుమందు కూడా చిక్కబడుతుంది.

ఇంకో చిక్కు ఉంది. పోటీకి వచ్చినవాటిని ఏ తరగతుల కింద విడదీయాలి? లిన్నేయస్ 1753లో ఈ మొక్కకు క్యానబిస్ సటైవా అని పేరు పెట్టాడు. 1785లో లమార్క్ భారతదేశం నుంచి వచ్చిన మొక్కల్ని చూసి ఇది వేరు జాతి అని ఇండికా అన్నాడు. ఆ రెండు మాటలూ దుకాణాల్లోకి వచ్చేసరికి ‘సటైవా అంటే హుషారు, ఇండికా అంటే నిద్ర’ అయిపోయాయి. దశాబ్దాలపాటు అన్నిటినీ అన్నిటితో కలిపి సంకరం చేశాక ఆ లేబుళ్లకు అర్థం మిగల్లేదు. ఎమరాల్డ్ కప్ నిర్వాహకులు 2022లో ఎస్‌సీ ల్యాబ్స్ అనే పరీక్షా సంస్థతో కలిసి ఆ పాత విభజన పక్కన పెట్టి, వాసన నూనెల పాళ్లను బట్టి ఆరు తరగతులు చేశారు. జాక్స్ అండ్ హేజ్, ట్రాపికల్ అండ్ ఫ్లోరల్, ఓజీస్ అండ్ గ్యాస్, స్వీట్స్ అండ్ డ్రీమ్స్, డెసర్ట్స్, ఎగ్జాటిక్స్. పేర్లు ఐస్‌క్రీమ్ పార్లర్ మెనూలా ఉన్నా విభజన మాత్రం దేనికది సరిపోయింది. బంగినపల్లిని, రసాలను ఒకే బుట్టలో వేసి ఏది గొప్పదని అడిగితే తగువే కదా మిగిలేది.

ఎండ పంటను, గదిలో పండిన పంటను కలపకపోవడం వెనకా ఇలాంటి న్యాయమే ఉంది. గదిలో దీపాల కింద పెరిగిన మొగ్గకు గాలి తగలదు, దుమ్ము పడదు. నగల షాపులో పెట్టినట్టుంటుంది. ఎండలో పెరిగినదానికి వడగాడ్పు, పొగమంచు, కార్చిచ్చు పొగ అన్నీ తగులుతాయి. కంటికి మొదటిదే నచ్చుతుంది. కానీ దాని కరెంటు బిల్లు చూడాలి. ఇవాన్ మిల్స్ అనే ఇంధన శాస్త్రవేత్త 2012లో వేసిన లెక్క ప్రకారం గదుల్లో పండించే గంజాయి ఒక్కటే అప్పట్లో అమెరికా మొత్తం విద్యుత్తులో సుమారు 1 శాతం తాగేసేది. సూర్యుడు ఉచితంగా చేసే పనికి అంత ఖర్చు.

పేరు వస్తుంది, దాంతోపాటు ఇంకోటి వస్తుంది

కప్పు గెలిస్తే ఏమొస్తుంది? నగదు కంటే ఎక్కువగా పేరు. 2016లో జ్కిటిల్జ్ అనే రకానికి మొదటి బహుమతి వచ్చింది. పళ్ల మిఠాయి వాసన దాని ప్రత్యేకత. ఆ పేరు దేశమంతా పాకింది. దాని విత్తనాలు, దాని పిల్లలు, పిల్లల పిల్లలు అన్ని దుకాణాల్లోకీ చేరాయి. పేరు ఎక్కడి నుంచి వచ్చిందో పలికి చూస్తే తెలిసిపోతుంది. స్కిటిల్స్ మిఠాయిలు తయారుచేసే రిగ్లీ కంపెనీకీ తెలిసిపోయింది. 2021లో ఆ కంపెనీ ఆ బ్రాండు మీద ఫెడరల్ కోర్టులో దావా వేసింది.

ఇందులో ఉన్న వింత చూడండి. కేంద్ర చట్టం దృష్టిలో గంజాయి నేరం కాబట్టి ఆ రైతు తన రకం పేరును గంజాయి సరుకు మీద ఫెడరల్ ట్రేడ్‌మార్కుగా నమోదు చేసుకోలేడు. ఆ పేరు మీద హక్కు లేదు. కానీ అదే పేరు మీద అదే కేంద్ర కోర్టులో ప్రతివాదిగా నిలబడవచ్చు! పేరును కాపాడుకునే దారి లేనప్పుడు, ఎక్కడెక్కడి మొగ్గలకో ఆ పేరు తగిలించి అమ్మేవాళ్లను ఆపే దారీ లేదు. మరమగ్గం చీరకు పోచంపల్లి అని చీటీ కట్టి అమ్మడం చూసినవాళ్లకు ఈ బాధ వివరించనక్కర్లేదు.

అసలు ‘క్రాఫ్ట్ గంజాయి’ అనే మాటను మనకు అర్థమయ్యేలా చెప్పాలంటే చేనేతే దగ్గర పోలిక. ఒక కుటుంబం, కొద్దిపాటి నేల, చేతి పని, తరానికి తరం దాచుకున్న విత్తనం. ఆ మాటకు లైసెన్సులో నిర్వచనం లేదు. కాబట్టి ఎవరైనా వాడేసుకోవచ్చు, వాడేసుకుంటున్నారు కూడా.

చట్టం వచ్చాక

2016 నవంబరులో కాలిఫోర్నియా ఓటర్లు, వైద్యానికే కాక మామూలు వాడకానికీ గంజాయిని చట్టబద్ధం చేసే ప్రొపొజిషన్ 64 నెగ్గించారు. 2018 జనవరి 1 నుంచి 21 ఏళ్లు దాటిన ఎవరైనా దుకాణంలో కొనుక్కోవచ్చు. చిన్న రైతుకు అయిదేళ్ల వ్యవధి ఇస్తామని ఆ చట్టంలోనే మాట ఉంది: ఎకరం దాటిన పెద్ద సాగుకు 2023 దాకా లైసెన్సులు ఇవ్వరు. చిన్న లైసెన్సు అంటే 10,000 చదరపు అడుగులు. మన లెక్కలో 23 సెంట్లు. అయితే 2017 నవంబరులో వచ్చిన నిబంధనల్లో ఒక మనిషికి ఎన్ని చిన్న లైసెన్సులు ఉండవచ్చో పరిమితి పెట్టలేదు. డబ్బున్న కంపెనీలు 23 సెంట్ల కాగితాలు డజన్లకొద్దీ, వందలకొద్దీ తీసుకుని పక్కపక్కనే పరిచేశాయి. సాంటా బార్బరా జిల్లాలో అలా పుట్టిన తోటల మీద స్థానికులు ఇప్పటికీ వాసన ఫిర్యాదులు చేస్తూనే ఉన్నారు. భూ గరిష్ఠ పరిమితి చట్టం వచ్చినప్పుడు మన దగ్గర పాలేర్ల పేర, పెంపుడు కుక్కల పేర కూడా భూములు రాశారని పెద్దవాళ్లు చెప్పుకునేవారు. అక్కడ ఆ శ్రమ కూడా లేకపోయింది.

దాని మీద పన్ను. ఔన్సుకు 9 డాలర్ల 25 సెంట్లు, అంటే పౌనుకు 148 డాలర్లు సాగు పన్ను కట్టాల్సి వచ్చింది. ధరతో సంబంధం లేదు, తూకం మీదే. ధర బాగున్నన్నాళ్లు నెట్టుకొచ్చారు. 2021లో సరుకు ముంచెత్తింది. వెయ్యి డాలర్లు పలికిన ఎండ పంట పౌను ధర ఏడాది తిరక్కుండా అందులో సగానికీ తక్కువైంది. పన్ను మాత్రం తగ్గకపోగా 2022లో పౌనుకు 161 డాలర్లకు పెరిగింది. ఆ జులై 1న ప్రభుత్వం సాగు పన్ను మొత్తంగా ఎత్తేసింది. అప్పటికే చాలా పొలాలు లైసెన్సులు వదులుకున్నాయి. పక్క రాష్ట్రానికి తోలుకుపోయి అమ్ముకుందామంటే రాష్ట్ర సరిహద్దు దాటడం ఫెడరల్ నేరం. కప్పు గెలిచిన మొగ్గ కూడా నెవాడా గీత దాటలేదు.

పోటీ రూపమూ మారింది. ఎమరాల్డ్ కప్ 2012లో హంబోల్ట్‌లోని రెడ్‌వేకి, 2013లో సోనోమా జిల్లా శాంటా రోజా మేళా మైదానానికి మారి వేలాదిమంది వచ్చే సంగీతోత్సవమైంది. 2018 నుంచి లైసెన్సు ఉన్న రైతులకే ప్రవేశం. ముందైతే రైతు తన దుకాణం దగ్గరికి వచ్చినవాడికి ఒక మొగ్గ చేతిలో పెట్టి ‘చూడన్నా’ అనేవాడు. ఉచితంగా ఇవ్వకూడదని కొత్త నిబంధనలు వచ్చాయి. అంగట్లో రుచి చూపించకుండా మామిడిపండు అమ్మమన్నట్టు. కోవిడ్ తర్వాత డిసెంబరు సంబరం ఒక దారి, బహుమతుల ప్రదానం ఇంకో దారి అయ్యాయి. 2022లో బహుమతులు లాస్ ఏంజెలెస్‌లో ఇచ్చారు. కొండల నుంచి అక్కడికి కారులో ఒక రోజు ప్రయాణం.

ఇక దుకాణం అల్మారా సంగతి. చట్టబద్ధమైన ప్రతి ప్యాకెట్ మీదా టీహెచ్‌సీ శాతం అచ్చు వేస్తారు. మత్తు కలిగించే పదార్థం అది. కొనేవాడికి వాసన చూసే వీలు లేదు, సీలు వేసి ఉంటుంది. చేతిలో ఉన్న సమాచారం ఆ అంకె ఒక్కటే. 18 శాతం ఉన్న అద్భుతమైన ఎండ పంట పక్కన 32 శాతం అని రాసిన గది సరుకు ఉంటే చెయ్యి దేని మీదకు పోతుంది? దుకాణదారు కూడా అంకె తక్కువ సరుకు ముట్టుకోడు. దాంతో ఎక్కువ అంకె ఇచ్చే ల్యాబ్‌ను వెతుక్కునే అలవాటు పుట్టింది. కల్లు బాగుందో లేదో దాని మత్తు శాతం చూసి చెప్పేవాడిని ఊళ్లో ఎవరైనా తాగుబోతంటారు గానీ రుచి తెలిసినవాడు అనరు. మా పెదనాన్న కాలంలో పొగాకుకు నికోటిన్ శాతం చూసి ధర కట్టి ఉంటే మా ఊళ్లో ఎవరూ బ్యారన్ దగ్గర నిద్ర మానుకుని ఉండేవారు కాదు.

నాకు కనిపించే ముడి ఇదే. దొంగచాటు రోజుల్లో మంచి పంటను గుర్తించడానికి ధర, లేబుల్, దుకాణం ఏవీ లేవు కాబట్టి పోటీ పుట్టింది. చట్టం వచ్చాక అవన్నీ వచ్చాయి, కానీ అవి కొలిచేది నాణ్యతను కాదు. ముక్కు చెప్పే సంగతి మళ్లీ పోటీ బల్ల దగ్గరే మిగిలింది. మెడల్ గోడకు ఎక్కుతుంది, సరుకు మాత్రం అంకె ధరకే పోతుంది.

2022లో కాలిఫోర్నియా స్టేట్ ఫెయిర్ కూడా గంజాయి పోటీ పెట్టింది. వైన్‌కు, చీజ్‌కు మెడల్స్ ఇచ్చే శాక్రమెంటో ప్రభుత్వ మేళా అది. అమెరికాలో ఒక రాష్ట్ర మేళా ఇలాంటి పోటీ పెట్టడం అదే మొదటిసారి. గౌరవం వచ్చినందుకు రైతులు సంతోషించారు, బంగారు ఎలుగుబంటి ట్రోఫీలూ అందుకున్నారు. కానీ అక్కడ పీల్చి తీర్పు చెప్పే మనుషులు లేరు. ల్యాబ్ యంత్రం కొలిచిన టెర్పీన్లు, ఇతర రసాయనాల పాళ్లను బట్టి మెడల్స్. ప్రభుత్వ మేళాకు అంతకంటే తెగువ కష్టమేలెండి. 2024లో అదే మేళాలో అమ్మకాలు, వాడకానికి ప్రత్యేక స్థలం కూడా వచ్చాయి.

చిన్న రైతులకు ఇంకో ఆశ ప్రాంతం పేరు. 2020లో వచ్చిన ఎస్‌బీ 67 చట్టం ప్రకారం ఒక ప్రాంతం పేరు ప్యాకెట్ మీద వేయాలంటే ఆ పంట నేలలో నాటి ఉండాలి. కుండీలో కాదు, గ్రీన్‌హౌస్‌లో కాదు, దీపాల కింద కాదు. బనగానపల్లె మామిడికి, అరకు కాఫీకి మనం తెచ్చుకున్న జీఐ గుర్తింపు లాంటిదే, ఇంకొంచెం కఠినం. ఈ షరతుతో గది సాగు కంపెనీలు ఆ పేరు వాడుకోలేవు. చట్టం మంచిదే. అయితే ప్యాకెట్ మీద ‘మెండొసీనో’ అని చదివి రెండు డాలర్లు ఎక్కువ పెట్టే కొనుగోలుదారు తయారైతేనే అది రైతుకు కూడు పెడుతుంది. వైన్‌కు అలాంటి కొనుగోలుదారు దొరకడానికి కాలిఫోర్నియాలో ఓ తరం పట్టింది.

అన్ని సంబరాలూ ఇంత బరువుగా ఉండవు. ఆస్ట్రేలియాలోని నింబిన్ అనే చిన్న ఊళ్లో 1993 నుంచి ఏటా మే మొదట్లో మార్డీగ్రాస్ అనే గంజాయి సంబరం జరుగుతుంది. అక్కడ సొంత ఒలింపిక్స్ ఉన్నాయి. పొగ గొట్టాన్ని ఎంత దూరం విసురుతారు, ఎవరు వేగంగా చుట్ట చుడతారు లాంటివి. నాకు నచ్చింది సాగుదారుల పరుగుపందెం. ఎరువు బస్తా, నీళ్ల బకెట్ మోసుకుంటూ పరుగెత్తాలి. దొంగ తోటకు కొండెక్కే రైతు దినచర్యే ఆ ఆట. అక్కడ ఈ పంట ఇప్పటికీ నేరమే. ఊరు దాటగానే రోడ్డు మీద పోలీసులు డ్రైవర్ల నాలుక మీద పుల్ల పెట్టి పరీక్ష చేస్తుంటారు.

ఏజెన్సీ కొండలు, బే ఏరియా అపార్ట్‌మెంట్లు

మన వైపు ‘శీలావతి’ అనే పేరు విననివాళ్లు తక్కువ. విశాఖ ఏజెన్సీ, ఒడిశా సరిహద్దు కొండల్లో పండే గంజాయి రకానికి అక్కడివాళ్ల పిలుపు అది. అదీ ఎండ పంటే, అదీ కొండ పంటే. పోలిక అంతటితో సరి. ఇక్కడ పెట్టుబడి పెట్టేది బయటి వ్యాపారి, జైలుకు పోయేది గిరిజన రైతు. 2021లో పోలీసులు ఆపరేషన్ పరివర్తన పేరుతో వేల ఎకరాల తోటలు నరికించారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర కోడూరులో సుమారు రెండు లక్షల కిలోలు ఒకేచోట తగలబెట్టారు. అదే కొండల్లో పండిన అరకు కాఫీకి 2018లో పారిస్‌లో బంగారు పతకం వచ్చింది. పోటీలో పతకం ఒక కొండ పంటకు ఏం చేయగలదో చూడాలంటే నేను ఆ కాఫీ తోటల్నే చూపిస్తాను.

ఇంకో లంకె ఫ్రీమాంట్, శాన్ హోసేలలో ఉన్న మనవాళ్లతో. శాంటా రోజా అక్కడికి రెండు గంటల దూరం. వారాంతం సరదాగా వెళ్లొద్దామని ఆఫీసు స్నేహితులు పిలుస్తారు. రాష్ట్ర చట్టం ఒప్పుకుంటుంది కదా అనిపిస్తుంది. వీసా మాత్రం కేంద్రం చేతిలో ఉంది, కేంద్ర చట్టంలో గంజాయి ఇప్పటికీ నియంత్రిత మత్తు పదార్థం. పౌరసత్వానికి చూసే ‘సత్ప్రవర్తన’ లెక్కలో రాష్ట్రం అనుమతించిన గంజాయి కూడా అడ్డంకే అవుతుందని 2019 ఏప్రిల్‌లో అమెరికా పౌరసత్వ విభాగం రాతపూర్వకంగా చెప్పింది. వాడడమే కాదు, లైసెన్సున్న గంజాయి కంపెనీలో ఉద్యోగం చేసినా అంతే. అరెస్టు కానక్కర్లేదు, కేసు ఉండనక్కర్లేదు. అధికారి అడిగిన ప్రశ్నకు నోటితో ఒప్పుకుంటే చాలు. మేళా గేటు దగ్గర కాపలావాడు అడిగేది వయసు 21 దాటిందా అని మాత్రమే. హెచ్-1బీ ఉందా అని అడగడు. ఆ ప్రశ్న విమానాశ్రయం కౌంటర్ దగ్గర వస్తుంది. అప్పుడు చేతిలో ఫోన్, ఫోన్‌లో ఆ రోజు సీసాల బల్ల ముందు నిలబడి దిగిన ఫోటో ఉంటాయి.